పాత పెళ్లి రిజిస్టర్ల ఎత్తిరాత

చేతిరాతలో ఉన్న పాత వివాహ రిజిస్టర్లను చదివి, ఉన్నది ఉన్నట్టుగా అందరూ చదవగలిగే అక్షరాల్లోకి దించే పని ఇది. యూరప్‌లో, ముఖ్యంగా ఇంగ్లండ్‌లో, తమ వంశం సంగతులు వెతుక్కునే మామూలు జనం నూరేళ్లకు పైగా ఈ పని చేస్తున్నారు. జనన మరణాల పద్దులనూ ఇలాగే ఎత్తిరాస్తారు గానీ వంశవృక్షం గీసేవాళ్లకు ఆయువుపట్టు పెళ్లి పద్దే. పెళ్లికూతురి పుట్టింటి పేరు సాధారణంగా అక్కడే దొరుకుతుంది. అది దొరక్కపోతే తల్లి వైపు కొమ్మ అక్కడితో ఆగిపోతుంది.

ఈ రంగంలో మూడు రకాల పనులు కలగాపులగం అవుతుంటాయి. పద్దులోని ప్రతి మాటనూ, ప్రతి గుర్తునూ దించితే పూర్తి నకలు. పేర్లు, తేదీ, ఊరు మాత్రమే ఏరి రాస్తే సారాంశం. ఫలానా పేరు ఏ పుటలో ఉందో చెప్పేది సూచిక. కంప్యూటర్‌లో పేరు కొట్టగానే తెర మీదకు వచ్చేది చాలావరకు సూచికే. దాన్నే రికార్డు అనుకుని వంశవృక్షంలో అతికించుకునేవాళ్లకు కొదవలేదు. ఇంకో చిక్కు కూడా ఉంది. మూల రిజిస్టరు అనుకుని మనం తెరిచేది సైతం చాలాసార్లు అంతకుముందు ఎవరో గుమాస్తా ఎత్తిరాసిన నకలే. అందుకే ఈ పని తెలిసినవాళ్లు "ఇక్కడ ఏం రాసి ఉంది?" అన్న ప్రశ్న కన్నా ముందు "ఇది ఎవరు, ఎప్పుడు, దేన్ని చూసి రాశారు?" అని అడుగుతారు.

రిజిస్టర్ల పుట్టుక

ఇంగ్లండ్‌లో ఈ కథ 1538 సెప్టెంబరులో మొదలైంది. ఎనిమిదో హెన్రీ కొలువులో మతవ్యవహారాలు చూసే థామస్ క్రామ్‌వెల్, ప్రతి పారిష్‌లోనూ, అంటే ఒక్కో చర్చి పరిధిలోనూ, బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాలు ఒక పుస్తకంలో రాయాలని ఆజ్ఞ జారీచేశాడు. ఆదివారం ఆదివారం చర్చి పెద్దల ఎదుట ఆ వారం పద్దులు రాయాలి. పుస్తకాన్ని రెండు తాళాల పెట్టెలో ఉంచాలి. రాయకపోతే 3 షిల్లింగుల 4 పెన్నీల జరిమానా. ఇదంతా కొత్త పన్ను వేయడానికేనని జనం గుసగుసలు పోయారు. యూరప్ ప్రధాన భూభాగంలోనూ దాదాపు అదే కాలంలో ఈ అలవాటు స్థిరపడింది. ఫ్రాన్స్‌లో 1539 నాటి రాజశాసనం బాప్తిస్మాలు రాయించింది, 1579 నాటిది పెళ్లిళ్లను, ఖననాలను కూడా చేర్చింది. కాథలిక్ చర్చి మొత్తానికి 1563లో ట్రెంట్ మహాసభ పెళ్లి రిజిస్టరు తప్పనిసరి చేసింది.

ఇంగ్లండ్‌లో తొలి పుస్తకాలు కాగితానివి. చెమ్మకు పాడైపోతున్నాయని, ఇకమీదట పార్చ్‌మెంటు అనే తోలు పుటల మీద రాయాలని, పాతవాటినీ అందులోకి ఎక్కించాలని 1598లో ఎలిజబెత్ రాణి ఆమోదంతో ఉత్తర్వు వచ్చింది. "ముఖ్యంగా రాణిగారు గద్దెనెక్కిన ఏడు మొదలుకొని" అన్న అర్థం వచ్చే మాట ఒకటి అందులో ఉంది. ఆ ఏడు 1558. చర్చి గురువులకు అది దొరికిన సందు. ఇరవై ఏళ్ల పాత పద్దులు వదిలేసి చాలామంది 1558 నుంచే ఎక్కించారు. అందుకే ఇంగ్లండ్‌లో ఎన్నో పారిష్ రిజిస్టర్లు ఆ ఏడుతో మొదలవుతాయి. అంతకు ముందువి పోవడానికి యుద్ధమో అగ్నిప్రమాదమో అక్కర్లేకపోయింది.

ఆ ఎక్కింపు ఎలా ఉంటుందో చూడాలంటే ప్రపంచంలో బహుశా అన్నిటికన్నా ఎక్కువగా శోధనకు గురైన రిజిస్టరు ఉంది. స్ట్రాట్‌ఫర్డ్ చర్చిలో 1564 ఏప్రిల్ 26న విలియం షేక్‌స్పియర్ బాప్తిస్మం పద్దు ఉంది. అది ఆ రోజు రాసింది కాదు. 1600 ప్రాంతంలో పాత కాగితాలు చూసి పార్చ్‌మెంటు మీదకు ఎత్తిరాసినది. సరిచూసినట్టు గుర్తుగా పుటపుటకూ అప్పటి గురువు సంతకం ఉంది. అయినా లాటిన్‌లో తండ్రి పేరు షష్ఠీ విభక్తిలో రాయాల్సిన చోట ప్రథమావిభక్తిలోనే ఉండిపోయింది. ఇప్పుడు నకలు తీసేవాడు దాన్ని సవరించి రాస్తే, వ్యాకరణం బాగుపడుతుంది, ఆనవాలు పోతుంది.

1598 ఉత్తర్వుతోనే ఇంకో ఏర్పాటు జరిగింది. ఏటా ఆ ఏడాది పద్దులన్నీ నకలు తీసి బిషప్ కచేరీకి పంపాలి. రిజిస్టరు పోయినచోట ఈ బిషప్ నకళ్లే దిక్కు. రెండూ ఉన్నచోట రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే పేర్లు, తేదీలు తేడాగా కనిపించడం మామూలే. ఒక్కోసారి రిజిస్టరులో లేని సంగతి బిషప్ నకలులో ఉంటుంది. రెండింటినీ వేరే చిత్తు పుస్తకం చూసి రాశారన్నమాట. 1640, 50 దశకాల అంతర్యుద్ధం రోజుల్లో రెండూ దెబ్బతిన్నాయి. 1653 నుంచి 1660 దాకా పెళ్లిళ్లు చేయించే అధికారాన్ని మేజిస్ట్రేట్లకు ఇవ్వడంతో ఆ ఏళ్లలో ఖాళీలు ఎక్కువ.

1582 నవంబరులో రెండు రోజులు

ఎత్తిరాతలో ఏం జరగవచ్చో తెలిపే పాఠం కూడా షేక్‌స్పియర్ ఇంట్లోనే ఉంది. వూస్టర్ బిషప్ రిజిస్టరులో 1582 నవంబరు 27 తేదీతో ఒక పెళ్లి లైసెన్సు పద్దు ఉంది. వరుడు విలియం షేక్‌స్పియర్, ఇంటిపేరు మధ్యలో ఎక్స్ అక్షరంతో. వధువు టెంపుల్ గ్రాఫ్టన్‌కు చెందిన ఆన్ వేట్లీ. మర్నాడు, 28న, అదే కచేరీలో ఒక పూచీకత్తు రాశారు. అందులో వరుడి ఇంటిపేరు మధ్యలో జి అక్షరం. వధువు స్ట్రాట్‌ఫర్డ్‌కు చెందిన ఆన్ హాథవే. పెళ్లికి ఏ అభ్యంతరం వచ్చినా 40 పౌండ్లకు తాము జవాబుదారీ అని ఇద్దరు రైతులు ఒప్పుకున్నారు. మరుసటి ఏడు మే 26న పెద్ద కూతురు సుసానా బాప్తిస్మం.

ఒక్క రోజు తేడాలో ఇద్దరు ఆన్‌లు ఎక్కడి నుంచి వచ్చారు? ఈ వేట్లీని ఆధారం చేసుకుని ఫ్రాంక్ హారిస్ వంటి రచయితలు ఒక విఫల ప్రేమకథే అల్లారు. రికార్డులు తిరగేసేవాళ్లు మాత్రం అదే కచేరీలో, అదే రోజు పద్దులు చూశారు. విలియం వేట్లీ అనే మతగురువుకు సంబంధించిన దావా ఒకటి ఆ రోజే విచారణకు వచ్చింది. గుమాస్తా చేతికి అలవాటైన ఇంటిపేరు పక్క పద్దులోకి జారిందన్నది ఎక్కువమంది ఒప్పుకునే వివరణ. ఊరి పేరు తేడా మాత్రం అంత తేలిగ్గా విడిపోలేదు.

ఇక్కడ ఎత్తిరాసేవాడి బాధ్యత ఎంతవరకు? వేట్లీ అని ఉంటే వేట్లీ అనే రాయాలి. హాథవే అయ్యుంటుందన్న అభిప్రాయం గమనికల గడిలోకి పోవాలి. షేక్‌స్పియర్ ఇంటిపేరును ఈనాటి రూపంలోకి మార్చి రాసిన నకలు చూసుకుంటే, ఒకే కచేరీలో ఒక్క రోజు తేడాతో ఒక ఇంటిపేరు రెండు రకాలుగా రాశారన్న విలువైన సంగతి మాయమవుతుంది. ఆనాటి గుమాస్తా అక్షరక్రమం మీద పెట్టిన శ్రద్ధ ఎంతో ఆ తేడాయే చెబుతుంది.

అచ్చు ఫారాలు వచ్చాక

1754 మార్చి 25 నుంచి అమలైన హార్డ్‌విక్ చట్టం పెళ్లి పద్దు రూపాన్నే మార్చింది. లండన్‌లో ఫ్లీట్ జైలు చుట్టుపక్కల డబ్బుకు దొంగచాటు పెళ్లిళ్లు చేసే గురువులను అరికట్టడం దాని అసలు ఉద్దేశం. చర్చిలో మూడు ఆదివారాలు పెళ్లి ప్రకటన చదవాలి, లేదా లైసెన్సు తీసుకోవాలి. పెళ్లిళ్లకు ప్రత్యేకంగా పుస్తకం పెట్టాలి. వధూవరులు, గురువు, ఇద్దరు సాక్షులు సంతకాలు చేయాలి. క్వేకర్లకు, యూదులకు మినహాయింపు. స్కాట్లండ్‌కు ఈ చట్టం వర్తించదు కాబట్టి ఇంట్లో ఒప్పుకోని జంటలు సరిహద్దు దాటి గ్రెట్నా గ్రీన్‌కు పారిపోయేవి. వాళ్ల పద్దులు వెతకడం వేరే తలనొప్పి.

వంశచరిత్రకారులకు ఈ చట్టం ఇచ్చిన కానుక సంతకం. ఆరేడు తరాల కిందటి తాత చేతిరాత ఇంకెక్కడా దొరకని కుటుంబాలు కోకొల్లలు. రాయడం రానివాళ్లు గుణకారపు గుర్తు వేస్తే పక్కన గురువు పేరు రాసేవాడు. 1840 ప్రాంతంలో పెళ్లికొడుకుల్లో సుమారు మూడో వంతు, పెళ్లికూతుళ్లలో సగం దగ్గర ఇలా గుర్తు వేసినవాళ్లే. సాక్షుల పేర్లు చాలామంది వదిలేస్తారు. అది పొరపాటు. సాక్షి పెళ్లికూతురి అన్నో, పినతండ్రో కావచ్చు. అయితే అదే సాక్షి ముందు పుటలోనూ తర్వాతి పుటలోనూ ప్రతి పెళ్లికీ సంతకం చేసి ఉంటే, అతను చుట్టం కాదు, చర్చి గుమాస్తా. ఒక్క పద్దు మాత్రమే ఫొటో తెప్పించుకున్నవాళ్లకు ఈ సంగతి తెలిసే దారే లేదు.

1837 జూలై 1 నుంచి ఇంగ్లండ్, వేల్స్‌లో ప్రభుత్వ నమోదు మొదలైంది. పెళ్లి పద్దుకు గడులు స్థిరపడ్డాయి: తేదీ, పేరు, వయసు, పెళ్లికి ముందు స్థితి, వృత్తి, నివాసం, తండ్రి పేరు, తండ్రి వృత్తి. తల్లి పేరుకు గడి లేదు. అది చేరడానికి 2021 మే 4 దాకా ఆగాల్సి వచ్చింది. చేతిరాత రిజిస్టర్ల స్థానంలో కంప్యూటర్ నమోదు వచ్చిందీ ఆ రోజే. వయసు గడిలో "ఫుల్ ఏజ్" అని ఉంటే 21 నిండాయని మాత్రమే అర్థం. వరుడికి 22 కావచ్చు, 60 కావచ్చు. అది చూసి పుట్టిన ఏడు లెక్కకట్టడం గాల్లో మేడలు కట్టడమే.

గురువు ఒకే పెళ్లిని రెండు రిజిస్టర్లలో రాసి, రెండింటిలోనూ సంతకాలు పెట్టించేవాడు. మూణ్ణెల్లకోసారి ఆ పద్దులను మళ్లీ చేత్తో ఎత్తిరాసి జిల్లా అధికారి ద్వారా రిజిస్ట్రార్ జనరల్‌కు పంపేవాడు. ఇవాళ ఆ కేంద్ర కార్యాలయం నుంచి తెప్పించుకునే పాత సర్టిఫికెట్టుకు ఆధారం ఈ మూడో ప్రతి. అందులో వధూవరుల "సంతకాలు" గురువు చేతిరాతలో ఉంటాయి. ముత్తవ్వ సంతకమని ఫ్రేము కట్టించి గోడకు వేలాడదీసుకున్నది గురువుగారి దస్తూరీ అయ్యే అవకాశం ఉంది.

అక్షరాలతో కుస్తీ

పదహారు, పదిహేడు శతాబ్దాల ఇంగ్లిష్ రిజిస్టర్లలో వాడింది సెక్రెటరీ హ్యాండ్ అనే గుమాస్తా రాత. అందులో ఇ అక్షరం తిరగేసి రాసినట్టుంటుంది. హెచ్ గీత కిందికి వేలాడుతుంది. సి అక్షరం ఇవాళ్టి ఆర్‌లా కనిపిస్తుంది. పెద్ద ఎఫ్ రాయాల్సిన చోట రెండు చిన్న ఎఫ్‌లు రాసేవారు. తెలియనివాళ్లు దాన్ని ఇంటిపేరులో భాగమనుకుంటారు. ఐ, జె ఒకటే. యు, వి ఒకటే. ఐ, ఎమ్, ఎన్, యు అన్నీ పొట్టి నిలువు గీతల వరసే కాబట్టి, పేరు మధ్యలో ఆరు గీతలు కనిపిస్తే అవి ఎన్ని అక్షరాలో లెక్కపెట్టి తేల్చుకోవాలి. పొడుగు ఎస్ పంతొమ్మిదో శతాబ్దం దాకా చేతిరాతలో బతికే ఉంది. జంట ఎస్‌లో మొదటిది ఎఫ్‌లా కనిపించి మాస్ అనే ఇంటిపేరు సూచికల్లో మాఫ్స్‌గా మారిపోయింది. పెద్ద ఎల్‌కూ ఎస్‌కూ, టికీ ఎఫ్‌కూ తేడా కనిపెట్టలేక పోగొట్టుకున్న పూర్వీకులు ఎంతమందో.

దీనికి మంత్రమేమీ లేదు. ఒక గుమాస్తా రాసిన పుటలు వరసగా చదువుతూ, సందేహం లేని మాటల నుంచి అతని అక్షరాలు ఒక్కొక్కటిగా ఏరి పట్టిక తయారుచేసుకోవడమే దారి. జాన్, మేరీ, జనవరి, పారిష్ లాంటి మాటలు ప్రతి పుటలోనూ ఉంటాయి. వాటిలోని అక్షరాలు పట్టుబడితే ఊహించడానికి వీల్లేని ఇంటిపేరును వాటితో పోల్చి చదవొచ్చు. కావలసిన పద్దు మీదకు నేరుగా దూకినవాళ్లకు ఈ పట్టు చిక్కదు.

పొడిమాటలు ఇంకో అడ్డంకి. జాన్‌ను మూడక్షరాల్లో, ఓ ఆఖరుకు తెచ్చి రాసే రూపం చూసి జోనాథన్ అనుకుంటారు. క్రిస్టఫర్ పేరు ఎక్స్‌తో మొదలవుతుంది. విలియం, థామస్, రిచర్డ్ పేర్ల ఆఖరు అక్షరాలు పైకి ఎగబాకి ఉంటాయి. 1733 దాకా కొందరు గురువులు లాటిన్‌లో రాసేవారు. జాకోబస్ అంటే సాధారణంగా జేమ్స్, గులియెల్మస్ అంటే విలియం. ఆనా అని ఉన్నచోట ఆన్ కావచ్చు, హానా కావచ్చు. వృత్తి గడిలో హజ్బండ్‌మాన్ అని ఉంటే చిన్న రైతు.

అన్నిటికన్నా ప్రమాదకరమైనవి తేదీలు, ఎందుకంటే అవి చదవడం తేలిక అనిపిస్తుంది. 1751 దాకా ఇంగ్లండ్‌లో చట్టం ప్రకారం కొత్త ఏడు మార్చి 25న మొదలయ్యేది. ఒక పెళ్లి 1701 ఫిబ్రవరిలో, తొలిబిడ్డ బాప్తిస్మం 1701 నవంబరులో ఉన్నాయనుకోండి. సరిగ్గా తొమ్మిది నెలలు, అంతా సవ్యంగా ఉందనిపిస్తుంది. కానీ ఆ ఏడాదిలో ఫిబ్రవరి ఆఖరున వస్తుంది. మన లెక్కలో అది 1702. అంటే బిడ్డకు బాప్తిస్మమైన మూడు నెలలకు పెళ్లి. నెల పేరు బదులు 7 అంకె వేసి చివర లాటిన్ తోక తగిలిస్తే అది జూలై కాదు, సెప్టెంబరు. 1752లో క్యాలెండర్ మారినప్పుడు సెప్టెంబరు 2 మర్నాడు 14 అయింది. ఈ చిక్కుల్లో ఒకే సూత్రం పనికొస్తుంది. పుస్తకంలోని తేదీ అలాగే రాసి, జనవరి నుంచి మార్చి 24 దాకా ఉన్న రోజులకు 1701/2 అని రెండేళ్లూ చూపాలి.

సిరా సంగతి మనవాళ్లకు కొత్త కాదు. మాచికాయలు, అన్నభేది, తుమ్మబంక కలిపి చేసిన నల్ల సిరా కాలక్రమంలో గోధుమరంగుకు తిరుగుతుంది, ఘాటెక్కువైతే పుటనే తినేస్తుంది. వెలిసిన రాతను అతినీల లోహిత కాంతిలో చదవొచ్చు. ఫొటో ఉంటే రంగులు, వెలుగునీడల తేడా పెంచి చూసినా చాలావరకు పైకి తేలుతుంది.

నకలు నియమాలు

స్థూలంగా అందరూ ఒప్పుకునే పద్ధతి ఇది. వరుస విరుపు, అక్షరక్రమం, పెద్దక్షరాలు మూలంలో ఉన్నట్టే. పొడిమాటలు విడదీస్తే చేర్చిన అక్షరాలను చతురస్ర కుండలీకరణంలో పెట్టాలి. కొట్టివేసిన మాట కూడా రాసి, కొట్టివేత అని చెప్పాలి. ఖాళీ గడిని ఖాళీ అని రాయాలి. తండ్రి పేరు లేకపోవడం కూడా సమాచారమే. చదవలేని అక్షరాన్ని ఊహించి నింపకూడదు. ఇంగ్లండ్ పారిష్ రిజిస్టర్లను ఉచితంగా అందించే ఫ్రీరెగ్ స్వచ్ఛంద సేవకులు తెలియని ఒక్క అక్షరానికి అండర్‌స్కోరు, కొన్నింటికి నక్షత్రం గుర్తు, రెండు మూడింటిలో ఏదో ఒకటి అనిపిస్తే ఆ అక్షరాలన్నీ కుండలీకరణంలో వేస్తారు. వెతికేటప్పుడు ఆ సందేహం కూడా పనికొస్తుంది. ధీమాగా రాసిన తప్పు పేరు మాత్రం ఆ మనిషిని పూర్తిగా దాచేస్తుంది. తెలియదని ఒప్పుకునే నకలే నాణ్యమైన నకలు అనడానికి కారణం ఇదే.

పెద్ద పథకాల్లో ఒకే పుటను ఇద్దరు ఒకరికొకరు తెలియకుండా ఎత్తిరాస్తారు. తేడా వచ్చినచోట మూడోవాళ్లు చూస్తారు. ఇద్దరూ ఒకే తప్పు చేసే ప్రమాదం లేకపోలేదు. ఆ ఊరి ఇంటిపేర్లు తెలిసిన మనిషి ఒక్కరుంటే ఆ ఇద్దరికన్నా మేలన్నది అనుభవజ్ఞుల మాట.

పాత పథకాల్లో పెర్సివల్ బాయిడ్ తయారుచేసిన వివాహ సూచిక ప్రసిద్ధం. 1538 నుంచి 1840 దాకా ఇంగ్లండ్ పెళ్లిళ్లను జిల్లాలవారీగా అక్షరక్రమంలో పెట్టింది. ఉచ్చారణ ఒకటే అయిన ఇంటిపేర్లను ఒకచోట చేర్చడం అందులో మెచ్చదగినది. అయితే అన్ని పారిష్‌లూ అందులో లేవు. లండన్ పెళ్లిళ్లకు పాలట్ సూచిక, 1780 నుంచి 1837 దాకా, ఇంకా దట్టమైనది. నకళ్ల విలువ తెలిసిరావడానికి 1922 జూన్ 30 ఒక్కటి చాలు. ఆ రోజు డబ్లిన్ ఫోర్ కోర్ట్స్ మంటల్లో ఐరిష్ పబ్లిక్ రికార్డ్ ఆఫీసు కాలిపోయి, అక్కడ భద్రంగా ఉంటాయని తెచ్చిపెట్టిన వందల పారిష్‌ల రిజిస్టర్లు బూడిదయ్యాయి. గురువులెవరైనా అప్పగించే ముందు ఎత్తిరాసుకున్న ఊళ్లకు ఆ నకళ్లు మిగిలాయి, మిగతావాటికి అదీ లేదు.

బార్సిలోనా పుస్తకాలు, యంత్రపు చదువు

యంత్రాలతో చేతిరాత చదివించే ప్రయత్నాలకు ఆటస్థలం అయింది కూడా పెళ్లి పుస్తకాలే. 1409లో బార్సిలోనాకు వచ్చిన పోప్ పదమూడో బెనెడిక్ట్, కొత్త కథీడ్రల్ ఖర్చులకు పెళ్లి లైసెన్సుల మీద రుసుం వసూలు చేసుకునే హక్కు ఇచ్చాడు. దాని లెక్కలు 1451 నుంచి 1905 దాకా 290కి పైగా పుస్తకాల్లో ఉన్నాయి. సుమారు 250 పారిష్‌లు, 6 లక్షల పెళ్లిళ్లు. ప్రతి పద్దులో ఎడమ అంచున వరుడి ఇంటిపేరు, మధ్యలో వివరం, కుడి అంచున కట్టిన రుసుం. హోదాను బట్టి రుసుం మారేది, నిరుపేదలకు దైవప్రేమ పేరిట మాఫీ. అంచున ఉన్న ఆ చిన్న అంకెను వదిలేస్తే పెళ్లివారి అంతస్తు చెప్పే ఏకైక ఆధారం పోతుంది.

బార్సిలోనా అటానమస్ విశ్వవిద్యాలయంలోని జనాభా పరిశోధకులు, కంప్యూటర్ చూపు మీద పనిచేసేవాళ్లు కలిసి ఈ పుస్తకాలను ఎత్తిరాయించారు. ఆ నకళ్లతో యంత్రాలకు తర్ఫీదు ఇచ్చారు. పద్దులన్నీ ఒకే వాక్య నిర్మాణంలో ఉండటం యంత్రానికి కలిసొచ్చింది. ఇప్పుడు ట్రాన్స్‌క్రిబస్ లాంటి సాఫ్ట్‌వేర్‌తో ఎవరైనా తమ రిజిస్టరు రాతకు తగ్గట్టు నమూనా తయారుచేసుకోవచ్చు. అందుకు ముందుగా కొన్ని పదుల పుటలు మనిషి తప్పుల్లేకుండా ఎత్తిరాసి ఇవ్వాలి. యంత్రానికి బాగా తెలిసిన పేర్ల వైపు మొగ్గే జబ్బు ఉంది. వింత ఇంటిపేరును చదువుతూ చదువుతూ ఊళ్లో పదిమందికి ఉన్న ఇంటిపేరుగా మార్చేస్తుంది. వూస్టర్ గుమాస్తా చేసిందీ దాదాపు అదే.

మద్రాసు, నేటాల్, తెలుగు నేల

తెలుగువాళ్లకు ఈ విద్యతో సంబంధం మద్రాసు దగ్గర మొదలవుతుంది. సెయింట్ జార్జి కోటలోని సెయింట్ మేరీస్ చర్చి 1680 అక్టోబరు 28న ప్రతిష్ఠ అయింది. అందులో తొలి పెళ్లి ఆ నవంబరు 4న, తర్వాత గవర్నరైన ఎలిహూ యేల్‌ది. 1753 ఫిబ్రవరి 18న రాబర్ట్ క్లైవ్ పెళ్లాడిందీ అక్కడే. మద్రాసు ప్రెసిడెన్సీలోని చర్చిల పద్దులు నకళ్లుగా లండన్‌కు వెళ్లేవి. ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఎన్/2 అనే వరసలో 1698 నుంచి ఉన్నాయి. విశాఖపట్నం, మచిలీపట్నంలో పెళ్లాడిన కుంఫిణీ సిపాయి వారసులు ఇంగ్లండ్‌లో కూర్చుని వెతికేది వీటినే.

1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టంతో ఇంగ్లండ్ గడులే, చిన్న మార్పులతో, గుంటూరు, ఒంగోలు, నెల్లూరు మిషన్ చర్చిల్లోకి వచ్చాయి. పేరు, ఇంటిపేరు, వయసు, వృత్తి, నివాసం, తండ్రి పేరు. ఇక్కడ ఎత్తిరాసేవాడికి వచ్చే ఇబ్బంది అక్షరం తెలియకపోవడం కాదు. ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తే ట, త ఒకటైపోతాయి, ల, ళ ఒకటైపోతాయి. కె, ఓ, టి, ఏ అనే నాలుగక్షరాలు కోట వారా, కోత వారా, కొత్త వారా? రెండో ఆధారం దొరికేదాకా ఇంగ్లిష్ రూపమే నకలులో ఉండాలి. ఇది మనవాళ్లు తరచూ మీరే నియమం. ఇంటిపేరు తమదే అయ్యుండాలన్న ఆశ చేతిని లాగేస్తుంది.

సముద్రం దాటిన తెలుగువాళ్ల విషయంలో ఈ ఇబ్బంది ఇంకా ముదురుతుంది. 1860 నుంచి 1911 దాకా నేటాల్‌కు లక్షన్నర మందికి పైగా ఒప్పందపు కూలీలు వెళ్లారు. తొలి ఓడ ట్రూరో మద్రాసు నుంచి బయల్దేరి 1860 నవంబరు 16న చేరింది. ఓడ జాబితాల్లో పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు ఉంటాయి. గుమాస్తా చెవికి ఎలా వినిపిస్తే అలా. అక్కడ నాయుడు ఆఖర్న రెండు ఓలతో స్థిరపడ్డాడు. మారిషస్‌లో అప్పడు కూడా అంతే. పెళ్లి రికార్డు లేకపోతే ఏమవుతుందో 1913 మార్చి 14న తెలిసింది. క్రైస్తవ పద్ధతిలో జరగని, చట్టప్రకారం నమోదు కాని పెళ్లిళ్లు చెల్లవనే అర్థం వచ్చేలా కేప్ సుప్రీంకోర్టులో సియర్ల్ న్యాయమూర్తి తీర్పు చెప్పాడు. గాంధీ సత్యాగ్రహంలోకి ఆడవాళ్లు దిగడానికి అది పెద్ద కారణం. మరుసటి ఏడు చట్టం సవరించారు. ఆ కుటుంబాల వారసులు ఇవాళ నేటాల్ ఓడ జాబితాలనూ పెళ్లి నమోదులనూ పక్కపక్కన పెట్టి తాత ఊరు వెతుకుతున్నారు.

తెలుగు నేల మీద హిందూ పెళ్లిళ్లకు రిజిస్టరు అలవాటు ఉండేది కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నమోదు తప్పనిసరి చేసిన చట్టం 2002 నాటిది. కాబట్టి ఇక్కడ ఎత్తిరాయాల్సినవి లగ్నపత్రికలు, కట్నకానుకల పట్టీలు, పసుపు కుంకుమ కింద ఆడపిల్లకు రాసిచ్చిన దస్తావేజులు. హైదరాబాద్ ప్రాంతపు ముస్లిం కుటుంబాలకు ఖాజీల దగ్గరి నిఖా రిజిస్టర్లు ఉంటాయి, ఉర్దూలో, మహర్ మొత్తంతో సహా. పాత తెలుగు దస్తావేజులు చాలావరకు కరణాల గొలుసుకట్టు రాతలో ఉంటాయి. కలం ఎత్తకుండా, మాటకూ మాటకూ మధ్య ఎడం లేకుండా సాగే ఆ రాతకు కూడా ముందు చెప్పిన వైద్యమే. శ్రీరామ, దస్కతు, ఫసలీ లాంటి తప్పకుండా వచ్చే మాటల నుంచి అక్షరాలు ఏరుకోవాలి.

ఏడు తేల్చడం మాత్రం ఇంగ్లండ్ రిజిస్టర్లకన్నా కష్టం. 1300 అని అంకె ఉంటే, అది హిజ్రీ అయితే 1882 నవంబరుతో మొదలైన ఏడు, ఫసలీ అనే శిస్తు లెక్కల ఏడు అయితే 1890-91. ఫసలీకి 590 కలిపితే క్రీస్తు శకం వస్తుంది గానీ మద్రాసు వైపు అది జూలైలో, నిజాం రాజ్యంలో అక్టోబరులో మొదలయ్యేది. లగ్నపత్రికలో అంకె అసలే లేకుండా విరోధి నామ సంవత్సరం అని మాత్రమే ఉంటే 1889 కావచ్చు, 1949 కావచ్చు. అప్పుడు తిథి, వారం, నక్షత్రం మూడూ ఉన్నది ఉన్నట్టు దించి, ఆ రెండేళ్ల పంచాంగాలూ తెచ్చి చూడాలి. తిథికి వారం ఒక ఏట కుదిరి ఇంకో ఏట కుదరకపోతే ఏడు తేలినట్టే. రెండింటిలోనూ కుదరకపోతే వారం పేరు ఇంకోసారి చదవాలి.